డబ్బాల మీద వేలిముద్ర

"చూపులోనే లోపం. పనికి ఇబ్బంది లేదు."

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎన్ని ఫిర్యాదుల కింద ఈ ముక్క రాసి మూసేశానో నాకే లెక్క తెలియదు. సాఫ్ట్‌వేర్ పరీక్షించే పనిలో ఉన్న మీకు ఇది బాగా అలవాటైన వాక్యమే అయి ఉంటుంది. ఒత్తు పక్క అక్షరం మీదికి ఎక్కిందా, చూపులోనే లోపం. బటన్ మీద మాట సగం తెగిపోయిందా, అదీ చూపులోనే లోపం. ఈ వాక్యం కనిపెట్టినవాడెవడో నాకు తెలియదు కానీ, దొరికితే మాత్రం నాలుగు దులపాలని ఉంది. ఆ తర్వాత నన్ను నేను కూడా దులుపుకోవాలి. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో హితబోధ వెతక్కండి. నాకు కోపంగా ఉంది, అంతే.

మాది నేలకొండపల్లి దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. డిగ్రీ కాగానే ఖమ్మంలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో డీటీపీ ఆపరేటరుగా చేరాను. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, దేవుడి ఉత్సవాల పోస్టర్లు. తెలుగు అక్షరానికి కింద ఎంత చోటు కావాలో, పైన ఎంత కావాలో ఆ ప్రెస్సులోనే చేతికి అలవాటైంది. మా ఓనరు ఒక నియమం పెట్టాడు. కంపోజ్ చేసినవాళ్ళు ప్రూఫ్ చూడకూడదు. ఎంత తొందర పనైనా సరే, పక్కవాళ్ళతో చదివించాల్సిందే. అప్పట్లో నాకు ఆయన చాదస్తం మీద చిరాకుగా ఉండేది. తర్వాత హైదరాబాదులో ఒక కంపెనీ తెలుగు తెలిసిన టెస్టరు కావాలంటే వెళ్ళి చేరిపోయాను. అక్కడే రిటైరయ్యాను.

నేను చెప్పబోయేది చివరి ఏడాది సంగతి.

ఒక ప్రభుత్వ శాఖ కోసం మా కంపెనీ ఒక యాప్ తయారు చేసింది. అడవి అంచు ఊళ్ళలో తరతరాలుగా దున్నుకుంటున్న పోడు భూములకు హక్కు పత్రం కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. పంచాయతీ సెక్రటరీ ట్యాబ్లెట్ పట్టుకుని రైతుతో పాటు ఆ చేను చుట్టూ నడవాలి. తూర్పున ఏముంది, పడమర ఏముంది అని నాలుగు హద్దులూ తెలుగులో టైపు చేయాలి. తర్వాత గ్రామసభలో ఆ ఫారం అచ్చు తీసి చదివి వినిపించి, రైతు సంతకమో వేలిముద్రో తీసుకుని, ఆ కాగితాన్ని స్కాన్ చేసి పైకి పంపాలి. పైన చూసేది ఆ కాగితమే. హద్దులు సరిగ్గా లేకపోతే దరఖాస్తు తిరిగి వస్తుంది. గడువు దాటాక తిరిగొస్తే ఆ చేను సంగతి అంతే.

అడవి ఊళ్ళలో సిగ్నల్ ఉండదు కాబట్టి యాప్ బరువు తగ్గించాలని మా టీం లీడ్ పట్టుబట్టాడు. తెలివైన కుర్రాడు, మంచివాడు కూడా. అన్నిటికంటే బరువు తెలుగు ఫాంటుదే అని తేల్చాడు. అందులో వాడకంలో లేనివి తీసేస్తే సరిపోతుందన్నాడు. నా దగ్గరికొచ్చి, "మేడం, మన ఫారాల్లో వచ్చే మాటలన్నీ ఒక లిస్టు ఇవ్వండి. వాటికి కావాల్సిన అక్షరాలు, ఒత్తులు ఉంచి మిగతావి కత్తిరించేస్తా" అన్నాడు.

నేను ఇచ్చాను. మధిర వైపు నుంచి, మా నేలకొండపల్లి వైపు నుంచి వచ్చిన పాత భూమి కాగితాలు ముందేసుకుని, మాటలన్నీ ఏరి రెండు రోజుల్లో లిస్టు తయారు చేశాను. కాలువ, డొంక, బండ్లబాట, చెరువు కట్ట, ఫలానావారి పత్తి చేను. అన్నీ మైదానం మాటలే. యాప్ పోయేది అడవికి, లిస్టు తెచ్చింది పొలం గట్ల నుంచి! ఇప్పుడు తలుచుకుంటే నా మొహం నేనే చూసుకోబుద్ధి కాదు. ఆ రోజు మాత్రం లీడ్ నన్ను మీటింగులో మెచ్చుకున్నాడు. యాప్ తేలికైందని అందరం చప్పట్లు కొట్టుకున్నాం.

ఇంకా ఉంది. ఆ యాప్‌ను పరీక్షించినప్పుడల్లా నేను హద్దుల దగ్గర ఒకే నాలుగు మాటలు టైపు చేసేదాన్ని. మా నాన్న చేనుకు నాలుగు వైపులా ఉన్నవి. చిన్నప్పటి నుంచీ నోటికొచ్చినవి కాబట్టి ఆలోచించే పని లేదు. అవి ఎప్పుడూ ముత్యాల్లా వచ్చేవి. రావూ మరి? లిస్టు నాదే, పరీక్షా నాదే. కంపోజ్ చేసిన మనిషే ప్రూఫ్ చూసుకుంది. పరీక్షలో నెగ్గిందని సంతకం కూడా పెట్టింది.

మొదటి ఫిర్యాదు భద్రాచలం అవతలి ఊళ్ళో పనిచేసే ఒక సెక్రటరీ అమ్మాయి పంపింది. అచ్చు తీసిన ఫారం ఫొటో తీసి పంపి, ఫోన్ చేసింది.

"మేడం, టైపు చేసేటప్పుడు మంచిగనే కనిపిస్తున్నయి. ప్రింటు తీస్తే హద్దుల కాడ డబ్బాలొస్తున్నయి. ఏంది మేడం గిది?"

ఫొటో చూశాను. తూర్పు అని ఉంది, పక్కన నాలుగు చదరపు డబ్బాలు, మధ్యలో ఒక అక్షరం, మళ్ళీ డబ్బాలు. నా ట్యాబ్లెట్‌లో మా నాన్న చేను హద్దులు కొట్టి ప్రింటు తీశాను. నిక్షేపంగా వచ్చింది. "మా దగ్గర బాగానే వస్తోందమ్మా. ట్యాబ్లెట్ ఒకసారి ఆపి మళ్ళీ వేసి చూడు" అన్నాను. ఫిర్యాదు కింద నా వాక్యం రాసి మూసేశాను. ఆ అమ్మాయి మళ్ళీ పంపింది. మళ్ళీ మూసేశాను. మూడోసారి ఆమె రాసిన మెయిలులో కొంచెం ఘాటు కనిపిస్తే, ఇంత చిన్నదానికి ఇంత పొగరేంటని లీడ్‌తో అన్నాను కూడా. ఈ మాట మీకు చెప్పకుండా దాటేయొచ్చు. కానీ దాటేస్తే మీరు నన్ను ఊరికే నమ్మేస్తారు.

ఆమె ఊరుకునే రకం కాదు. శాఖ పెద్దలకు రాసింది. శాఖవాళ్ళు మా కంపెనీని అడిగారు. అక్కడి సిబ్బందికి యాప్ వాడటం సరిగ్గా రావడం లేదు, శిక్షణ ఇచ్చి రండని కంపెనీ నన్ను పంపింది. శిక్షణ! వాళ్ళకు!

భద్రాచలంలో బస్సు దిగితే సెక్రటరీ అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. పర్ణశాల దారి పట్టి, మధ్యలో అడవిలోకి తిరిగి, రెండు వాగులు దాటాం. దారిలో ఆమె నన్ను ఒక్కటే అడిగింది.

"మేడం, మీరు ఏమేం కొట్టి చూసిన్రు?"

మా నాన్న చేను సంగతి చెప్పాను. ఆమె స్కూటీ ఆపలేదు, వెనక్కి తిరగలేదు. "అవ్ మేడం, మీ చేను మంచిగనే వస్తది" అంది.

గ్రామసభ బడి వరండాలో. ఆ ఊరికి అదే చివరి సభ, ఆ సాయంత్రంలోపు కాగితాలు పంపకపోతే ఊరి దరఖాస్తులన్నీ గడువు దాటిపోతాయి. డివిజన్ ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. సెక్రటరీ చిన్న ప్రింటరు పెట్టుకుని కాగితాలు తీస్తోంది. ఊరి కమిటీ పెద్ద, ఇంటర్ దాకా చదివిన రైతు, ఒక్కో ఫారం పైకి చదువుతున్నాడు.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. హద్దు చదవగానే, ఆ వైపు చేనున్నవాడో, ఆ వాగు పక్కన పశువులు మేపేవాడో, ఆ హద్దు తెలిసిన మనిషి లేచి నిలబడాలి. నాలుగు హద్దులు, నలుగురు మనుషులు. నలుగురూ నిలబడ్డాకే దరఖాస్తు పెట్టినవాళ్ళు వేలిముద్ర వేస్తారు. దీన్ని ఏ రూలూ చెప్పలేదు, వాళ్ళు పెట్టుకున్నదే. మా కంపెనీ మొత్తంలో ఇంత గట్టి పరీక్ష ఒక్కటి లేదు.

మొదటి ఫారం ఒక కోయ అవ్వది. భర్త పోయాడు. ఆ చేను తప్ప ఆమెకు ఇంకేమీ లేదు. కమిటీ పెద్ద పేరు చదివాడు, ఊరు చదివాడు. తూర్పు అన్నాడు. ఆగాడు. కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"తూర్పు... డబ్బా, డబ్బా, డబ్బా" అన్నాడు. "పడమర... గిదొక అక్షరం, ఎన్కనుంచి డబ్బాలే."

ఎవరూ లేవలేదు.

అవ్వ ముందుకొచ్చి కాగితం మీద వేలు పెట్టింది. "నా వాగు యాడుంది బిడ్డా? సూపెట్టు."

సెక్రటరీ డబ్బాల మీద వేలు పెట్టి చూపించింది. ఆ వాగు పేరు, ఆ గుట్ట పేరు వాళ్ళ కోయ భాషలోవి. వాటికి కావాల్సిన ఒత్తులు, జంట అక్షరాలు మధిర కాగితాల్లో ఎక్కడా ఉండవు. కాబట్టి నా లిస్టులో లేవు. కాబట్టి మా లీడ్ కత్తిరించేశాడు. టైపు చేసేటప్పుడు ట్యాబ్లెట్ తన సొంత ఫాంటుతో చూపిస్తుంది కనుక అన్నీ బాగానే కనబడతాయి. అచ్చుకు మాత్రం యాప్ తనతో తెచ్చుకున్న కత్తిరించిన ఫాంటే వాడుతుంది. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నేను రెండు వాగులు దాటి రావలసి వచ్చింది. ఆ అమ్మాయి పంపిన మూడు ఫొటోల్లోనూ ఇదే ఉంది.

అధికారి కుర్చీలో కదిలాడు. "లోపల డేటా ఉంటది లేమ్మా. డబ్బాలు తర్వాత సరిచేస్తరు. నువ్వు ఏలు వెయ్యి, టైం అయితాంది" అన్నాడు.

"ఎయ్య" అంది అవ్వ.

"ఎందుకెయ్యవ్?"

"నా పెనిమిటి గట్లనే ఒకపాలి ఖాళీ కాయితం మీద ఏసిండు. తర్వాత రాసుకుంటమన్నరు. ఏం రాసుకున్నరో ఏమో, మా దిగువ చేను పోయింది. ఇప్పుడు గా చేన్ల ఎవరియో చెట్లున్నయి. నేను డబ్బాల మీద ఎయ్య." బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగించేసింది.

నేను బడి వెనక్కి పరుగెత్తాను. అక్కడ నీళ్ళ ట్యాంకు దగ్గర మాత్రమే సిగ్నల్ వస్తుందట. లీడ్‌కు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. పూర్తి ఫాంటు పెట్టి ఇప్పుడే పంపమన్నాను.

"ఇప్పుడంటే ఎట్లా మేడం? కొత్త వెర్షన్ అంటే శాఖ ఒప్పుకోవాలి, కనీసం రెండు వారాలు" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "ఆ ఫిర్యాదు మీరే కదా మేడం మూసేసింది?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో మాత్రం తెలియలేదు. ఫోన్ పెట్టేశాను.

తిరిగొచ్చేసరికి సెక్రటరీ అధికారితో వాదిస్తోంది. డబ్బాల పైన పెన్నుతో తను రాస్తానంటోంది.

"పెన్నుతో రాస్తే సిస్టమ్ ఒప్పుకోదు. దిద్దిన ఫారం కింద లెక్క. వాపసొస్తది" అన్నాడాయన. "యాప్‌ల తప్పున్నదని ఆ కంపెనీవాళ్ళే రాసిస్తే అప్పుడు వేరే సంగతి. ఎవరు రాసిస్తరు?"

అడిగి ఆయన నవ్వాడు. అందులో దుర్మార్గమేమీ లేదు. ఏ కంపెనీ అయినా అలా రాసివ్వడం ఆయన తన సర్వీసులో చూసి ఉండడు. నేనూ చూడలేదు. పని ఇచ్చినవాళ్ళకు మా లోపం గురించి ఒక్క ముక్క కూడా రాతలో ఇవ్వకూడదని మా నియామక పత్రంలోనే ఉంది. రిటైర్‌మెంటుకు ఐదు నెలలుంది. ఈ లెక్కంతా నేను వేసుకున్నాను. వేసుకోలేదని గొప్పలు చెప్పను. నలభై యాభై మంది కింద కూర్చుని నా వంకే చూస్తున్నారు. అవ్వ పిడికిలి విప్పలేదు.

"నేను రాస్తా సార్" అన్నాను.

"మేడం, మీ పైవాళ్ళను అడిగిన్రా?"

"అడగలే. అడిగితే వద్దంటరు."

గ్రామసభ తీర్మానాల పుస్తకం తీసుకుని రాశాను. ఈ యాప్‌లో ఈ ప్రాంతపు హద్దుల పేర్లు అచ్చులో రావడం లేదు. అందుకు కారణం కంపెనీ కత్తిరించిన ఫాంటు. ఏ అక్షరాలు ఉంచాలో లిస్టు ఇచ్చింది నేను. పరీక్షించి బాగుందని సంతకం చేసింది నేను. ఇక్కడి సెక్రటరీ మూడుసార్లు చెప్పినా వినిపించుకోనిది నేను. పేర్లు రాకపోవడం దరఖాస్తుదారుల తప్పు కాదు, పెన్నుతో రాసినదే అసలు హద్దుగా చదువుకోవాలి. రాసి కింద సంతకం పెట్టాను.

కమిటీ పెద్ద అది మొత్తం పైకి చదివి, వాళ్ళ మాటలో విడమరిచి చెప్పాడు. అవ్వ ఏదో అంది. ఆయన నా వైపు తిరిగి ఇబ్బందిగా నవ్వాడు.

"మేడం, సంతకమంటే ఆమెకు తెల్వది. గీత గీసినట్టే ఉంటదంట. మేం ఏలు ఏస్తుంటే మీరెందుకెయ్యరని అడుగుతాంది."

అధికారి కోప్పడబోయాడు. "చదువుకున్న మనిషితోని ఏలిముద్ర ఏంది?" అన్నాడు. నేను ఆగమని చెయ్యెత్తాను. ఇంకుప్యాడు మీద బొటనవేలు గట్టిగా అదిమి, నా సంతకం పక్కనే వేశాను. బ్యాంకులో కూడా నేనెప్పుడూ వేలిముద్ర వేయలేదు. అవ్వ నా చెయ్యి పట్టుకుని తిప్పి, నల్లబడిన వేలును దగ్గరగా చూసింది.

"ఇగ నువ్వు గూడ ఇరుక్కున్నవ్ బిడ్డా" అంది.

సెక్రటరీ డబ్బాల మీద పెన్నుతో పేర్లు రాసింది. కమిటీ పెద్ద మళ్ళీ మొదటి నుంచీ చదివాడు. తూర్పు అనగానే గుంపు వెనక నుంచి ఒక ముసలాయన కర్ర పట్టుకుని లేచాడు. పడమరకు ఒకామె చంకలో బిడ్డతో లేచింది. ఉత్తరానికి, దక్షిణానికి కూడా లేచారు. నలుగురినీ చూసుకుని అవ్వ పిడికిలి విప్పింది. ఆ రోజు సూర్యుడు దిగే లోపల ఆ ఊరి ఫారాలన్నీ అలాగే అయ్యాయి. నేను పక్కన కూర్చుని కాగితాలు అందించాను. వచ్చింది శిక్షణకే కదా, నాకు బాగానే అందింది.

కంపెనీ ఏం చేసిందంటారా? మెమో ఇచ్చారు. టెస్టింగు నుంచి తీసేసి, ఐదు నెలలు పాత ఫైళ్ళ గదిలో కూర్చోబెట్టారు. పూర్తి ఫాంటు మాత్రం రెండు వారాల్లో వచ్చింది. ఫోన్‌లో మాట తూలినందుకు లీడ్ నా దగ్గరికొచ్చి క్షమించమన్నాడు. నువ్వన్నది నిజమే కదయ్యా అన్నాను. ఇప్పుడతను ఏ ఊరికి యాప్ వెళ్తుందో ఆ ఊరి మాటలు తెప్పించుకోకుండా ఫాంటు ముట్టుకోడని విన్నాను. అవ్వకు హక్కు పత్రం వచ్చింది. సెక్రటరీ ఫొటో పంపింది.

కానీ ఆ సభకు ముందే ఫారాలు పంపేసిన ఊళ్ళు మూడున్నాయి. అక్కడివాళ్ళు డబ్బాల మీదే వేలిముద్ర వేశారు. తర్వాత సరిచేస్తారని ఎవరో చెబితే నమ్మారు. హద్దులు లేవని అవన్నీ తిరిగొచ్చాయి, గడువు దాటిపోయింది. ఆ సెక్రటరీ మొదటి ఫొటోకే నేను కళ్ళు తెరిచి ఉంటే ఒక్కటి కూడా తిరిగొచ్చేది కాదు. చూపులోనే లోపమట! ఎవరి చూపులో?

ఇప్పుడు ఆ మూడు ఊళ్ళవాళ్ళు అప్పీలు పెట్టుకున్నారు. ఎప్పుడు విచారణ ఉన్నా తీర్మానాల పుస్తకంలోని ఆ పేజీ నకలు తీసుకుని భద్రాచలం బస్సెక్కుతున్నాను. పోయినసారి విచారణలో ఒక కొత్త అధికారి ఫారాలు తిరగేసి అన్నాడు, "డబ్బాలున్నయి నిజమే. కానీ వీళ్ళు కింద వేలిముద్ర వేసిన్రు కద మేడం. అంటే చూసుకుని ఒప్పుకున్నట్టే లెక్క."

నకలు తీసి ఆయన బల్ల మీద పరిచాను.

"నాది కూడా ఉంది సార్. ముందు దాని పైన ఏం రాసుందో చదవండి."

ఆయన తర్వాత చూస్తానన్నాడు. పైకి చదవమన్నాను. నా వెనక మూడు ఊళ్ళవాళ్ళు నిలబడే ఉన్నారు. మొదటి వాక్యం నుంచి చివరి దాకా ఆయన చదివే వరకు నేను కుర్చీలోంచి లేవలేదు.